టేబుల్ మీద ఉన్నప్పుడే స్టెంట్లు వేయించేయాల్సిందా?

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. పదేళ్లుగా షుగర్ ఉంది. మూడు నెలల నుంచి రెండో అంతస్తు ఎక్కేసరికి ఛాతీలో బరువుగా ఉంటోందని, కాసేపు నిలబడితే పోతోందని అంటున్నారు. ట్రెడ్‌మిల్ పరీక్షలో తేడా కనిపించింది. పెద్ద ఆసుపత్రి అయితే మంచిదని నగరంలో పేరున్న చోటికి తీసుకెళ్లాం. యాంజియోగ్రామ్ చేస్తూ మధ్యలో అన్నయ్యని లోపలికి పిలిచి, రెండు బ్లాకులున్నాయి, ఒకటి 80 శాతం, ఇంకోటి 70, ఇప్పుడే స్టెంట్లు వేసేస్తాం, సంతకం పెట్టండి అన్నారట. అన్నయ్య భయపడి, ఆలోచించుకుని చెబుతామన్నాడు. వాళ్లకి కోపం వచ్చింది. తర్వాత ఇంకో పెద్ద ఆసుపత్రిలో ఆ సీడీ చూపిస్తే, అంత తొందరేం లేదు, ముందు మందులు వాడి చూద్దాం అన్నారు. గుండె పంపింగ్ 60 శాతం ఉంది, బాగానే ఉందట. ఇంట్లో అందరూ అన్నయ్యనే తప్పుపడుతున్నారు. రెండూ పెద్ద ఆసుపత్రులే కదా, ఎవరిని నమ్మాలి? అసలు పెద్ద ఆసుపత్రుల్లో గుండె వైద్యం మనం అనుకునేంత బాగుంటుందా?

సమాధానం: ముందు మీ అన్నయ్య సంగతి తేల్చేద్దాం. ఆయన తప్పేమీ చేయలేదమ్మా. ఇంట్లో వాళ్లతో నా మాటగా చెప్పండి.

ఆ గది నాకు బాగా తెలుసు. యాంజియోగ్రాములు తీసి, స్టెంట్లు వేసే ఆ గదిని క్యాథ్‌ల్యాబ్ అంటారు, అందులో టెక్నీషియన్‌గా ఇరవై ఏళ్ల పైమాటే పనిచేశాను. నేను డాక్టర్ని కాను, మీ నాన్నగారి సీడీ నేను చూడలేదు, కాబట్టి స్టెంట్ వేయించండి అనో వద్దనో నేను చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ ఆ తలుపు తీసి ఇంట్లో మనిషిని లోపలికి పిలవడం ఎన్ని వందల సార్లు చూశానో లెక్కలేదు. లోపల ఏసీ వణికించేస్తూ ఉంటుంది. పిలిచిన మనిషి భుజాల మీద బరువైన సీసం కోటు ఒకటి వేస్తారు, లేదంటే అద్దం ఇవతల కంప్యూటర్ల దగ్గర నిలబెడతారు. తెర మీద నలుపు తెలుపుల్లో గుండె కొట్టుకుంటూ, రంగు మందు పాకుతూ, ఒకే ముక్క మళ్లీ మళ్లీ తిరుగుతుంటుంది. డాక్టరు వేలు పెట్టి చూపిస్తారు, ఇదిగో ఇక్కడ సన్నబడింది చూడండి అని. వచ్చినవాళ్లు తల ఊపుతారు. నిజానికి చాలామంది ఆ తెర వైపు చూడరు, అద్దం అవతల దుప్పటి లోంచి బయటికి వచ్చిన నాన్న పాదాల వైపు చూస్తుంటారు. ఆ పరిస్థితిలో రెండు నిమిషాల్లో సంతకం అడిగితే ఎవరైనా పెట్టేస్తారు. పెట్టకుండా ఆగాడంటే మీ అన్నయ్యకి ధైర్యం ఎక్కువే.

అలాగని అక్కడికక్కడే స్టెంట్ వేయడం ఎప్పుడూ తప్పని కాదు. గుండెపోటు వచ్చిన మనిషికి అదే సరైన పని, ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. పోటు లేనివాళ్లకీ దాని వల్ల లాభాలున్నాయి, చేతికి రెండోసారి గుచ్చక్కర్లేదు, మళ్లీ అడ్మిషన్ అక్కర్లేదు. చిక్కంతా ఏమిటంటే "అర్జెంట్" అన్న మాటని రెండు వేరే వేరే జబ్బులకి ఒకేలా వాడేస్తారు. మీ ఇంట్లో గొడవంతా అక్కడే మొదలైంది.

మొదటిది నిజమైన గుండెపోటు. రక్తనాళంలో గడ్డ ఏర్పడి దారి ఒక్కసారిగా మూసుకుపోతుంది. ఆ నాళం కింద ఉన్న కండరం నిమిషాల లెక్కన చచ్చిపోతుంటుంది, చచ్చిన కండరం తిరిగి రాదు. అందుకే ఇక్కడ అన్నీ గడియారం చూసుకుని చేయాల్సినవే. ఛాతీ నొప్పితో మనిషి తలుపు దాటిన 10 నిమిషాల్లో ఈసీజీ తీసి డాక్టరు చూడాలి. పోటని తేలితే, ఆసుపత్రిలో అడుగుపెట్టిన 90 నిమిషాల్లోపు బెలూన్‌తో నాళం తెరవాలి. ఆ సౌకర్యం ఉన్న చోటికి తీసుకెళ్లి 120 నిమిషాల్లోపు నాళం తెరిపించే అవకాశం లేకపోతే, ఉన్నచోటే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి (ఇవ్వకూడని కారణాలేవీ లేకపోతే) ఆ తర్వాత తరలించాలి. అంతర్జాతీయంగా గుండె వైద్యులు పాటించే లెక్కలివి. ఒక ఆసుపత్రిలో గుండె వైద్యం ఎలా ఉందో తెలుసుకోవాలంటే లాబీలో పాలరాయి చూసి లాభం లేదు, అర్ధరాత్రి రెండు గంటలకి ఈసీజీ ఎన్ని నిమిషాల్లో తీస్తారు, క్యాథ్‌ల్యాబ్ మనుషులు అప్పుడు బిల్డింగ్‌లోనే ఉంటారా లేక ఇళ్ల నుంచి రావాలా, అది అడగాలి.

రెండోది మీ నాన్నగారిలాంటిది. నడిస్తే బరువు, ఆగితే పోవడం, నెలల తరబడి ఒకే తీరు. దీన్ని నిలకడగా ఉన్న యాంజైనా అంటారు. ఇక్కడ నాళం సన్నబడింది కానీ మూసుకుపోలేదు, కూర్చున్నప్పుడు సరిపోయే రక్తం మెట్లెక్కేటప్పుడు చాలడం లేదు, అంతే. ఇది చిన్న విషయమని అనడం లేదు. కానీ ఆలోచించుకోవడానికి టైం ఉన్న విషయం. రోజులు, చాలాసార్లు వారాలు కూడా ఉంటాయి. (ఒక్క మినహాయింపు ఉంది, ఎడమ వైపు మొదటి పెద్ద నాళం, లెఫ్ట్ మెయిన్ అంటారు, దాన్లోనే పెద్ద అడ్డు ఉంటే కథ వేరు. మీ నాన్నగారి రిపోర్టులో ఆ మాట ఉందో లేదో ఇవాళే చూడండి. రెండో ఆసుపత్రి వాళ్లు తొందర లేదన్నారంటే ఉండకపోవచ్చు, అయినా మీ కళ్లతో మీరు చూసుకోండి.)

"80 శాతం మూసుకుపోయింది, మిగిలిన 20 మూసుకుపోతే పోటు వచ్చేస్తుంది కదా" అని అందరూ అనుకుంటారు. నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాగే అనుకునేవాణ్ణి, నీళ్ల గొట్టం లెక్క. గుండె నాళం గొట్టంలా పనిచేయదు. గోడలో కొవ్వు పేరుకుని దాని మీద పల్చటి పొర ఉంటుంది, ఆ పొర చిట్లితే అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసేస్తుంది, అదే పోటు. ఆ చిట్లేది 80 శాతం ఉన్న చోటే అవ్వాలని లేదు, చాలా పోట్లు అంతకుముందు పెద్ద అడ్డేమీ కనిపించని చోట వచ్చినవే. స్టెంట్ అనేది ఒక రెండు మూడు సెంటీమీటర్ల జాలీ. అది వేసిన చోటు తెరుచుకుంటుంది, మిగతా నాళమంతా ఎప్పటిలాగే ఉంటుంది. నాళం మొత్తానికీ పనిచేసేది కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర, షుగర్ అదుపు, పొగ మానేయడం. చూడ్డానికి చిన్న మాత్ర కాబట్టి దానికి విలువ ఉండదు. స్టెంట్ వేశారంటే నలుగురూ పలకరించడానికి వస్తారు, స్టాటిన్ (అదే ఆ కొలెస్ట్రాల్ మాత్ర) మొదలుపెట్టారంటే ఎవరొస్తారు చెప్పండి.

ఇది నా సొంత కవిత్వం కాదు. నిలకడగా ఉన్న రోగుల్ని 2,287 మందిని తీసుకుని, సగం మందికి మంచి మందులు మాత్రమే, సగం మందికి మందులతో పాటు స్టెంట్లు వేసి, నాలుగేళ్ల పైన గమనించి 2007లో ఫలితం చెప్పారు, కరేజ్ అనే అధ్యయనం అది. చావుల్లో గానీ గుండెపోట్లలో గానీ తేడా రాలేదు. అప్పుడు కొందరు గుండె డాక్టర్లు ఒప్పుకోలేదు, తేలిక కేసులు తీసుకున్నారన్నారు. సరే అని ఈసారి పరీక్షల్లో తేడా గట్టిగా కనిపించిన వాళ్లనే 37 దేశాల నుంచి 5,179 మందిని తీసుకుని ఇస్కీమియా అనే ఇంకో పెద్ద అధ్యయనం చేశారు, 2020లో అచ్చయింది. అందులోనూ మొత్తం మీద ముందే స్టెంటో బైపాసో చేయించుకున్న వాళ్లు ఎక్కువ బతకలేదు. లెఫ్ట్ మెయిన్ జబ్బున్న వాళ్లని, పంపింగ్ 35 కన్నా తక్కువున్న వాళ్లని, నొప్పి భరించలేని స్థాయిలో ఉన్నవాళ్లని మాత్రం ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు, అది మర్చిపోకూడదు. మీ నాన్నగారి పంపింగ్ 60, అంటే ఆ విషయంలో ఆయన ఈ లెక్కల పరిధిలోకే వస్తారు.

మరి స్టెంట్ దేనికి అంటారా? నొప్పికి. నొప్పి తరచూ వచ్చేవాళ్లకి స్టెంట్ వేస్తే తగ్గుతుంది, ఇస్కీమియాలో కూడా అది కనిపించింది. ఇంగ్లండ్‌లో ఇంకో తమాషా అయిన పని చేశారు, ఆర్బిటా అని. కొందరికి నిజంగా స్టెంట్ వేసి, కొందరికి వేసినట్టు నటించి, ఎవరికి ఏది జరిగిందో రోగికి తెలియకుండా ఉంచారు. 2017లో మొదటిసారి చేసినప్పుడు, మందులు బాగా వాడుతున్న 200 మందిలో, నడక టైంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2023లో నొప్పి మందులు ఆపేసి మళ్లీ చేస్తే స్టెంట్ పడ్డవాళ్లకి నొప్పి నిజంగా తగ్గింది. ఈ రెండూ కలిపి చూస్తే నాకు అర్థమయ్యేది ఏమిటంటే, నొప్పి తగ్గించడానికి మాత్రలూ ఒక దారే, స్టెంటూ ఒక దారే. మాత్రలకి లొంగకపోయినా, మాత్రలు పడకపోయినా, రోజూ అన్ని మాత్రలు మింగడం నావల్ల కాదని మనిషి అన్నా స్టెంట్ మంచి ఆలోచనే. అది మీ నాన్నగారు కూర్చుని ఆలోచించి చెప్పాల్సిన మాట. చేతిలో వైరు దూర్చుకుని టేబుల్ మీద పడుకుని ఉండగా, కొడుకు చెప్పాల్సిన మాట కాదు.

ఇంకో సంగతి, ఆ 80, ఆ 70 అనే అంకెలు. వాటిని ఏ మిషనూ కొలిచి ఉండదు, ఎక్కువ చోట్ల కంటితో చూసి చెప్పేవే. ఒకే యాంజియోగ్రామ్ సినిమాని ఇద్దరు మంచి డాక్టర్లు చూసి ఒకరు 60 అని, ఒకరు 75 అని అనడం నా ముందే జరిగింది, ఇద్దరూ నిజాయితీపరులే. అందుకే నాళంలోకి సన్నటి ప్రెజర్ వైరు పంపి, అడ్డుకి ముందు ఎంత ఒత్తిడి ఉంది, తర్వాత ఎంత ఉంది అని కొలిచే పద్ధతి వచ్చింది. ఎఫ్ఎఫ్ఆర్ అంటారు. 0.80 లేదా అంతకన్నా తక్కువ వస్తే ఆ అడ్డు రక్తాన్ని నిజంగా ఆపుతోందని లెక్క. ఫేమ్ అనే అధ్యయనంలో ఇలా కొలిచి చూస్తే, కంటికి 50 నుంచి 70 శాతంగా కనిపించిన అడ్డుల్లో మూడో వంతు మాత్రమే నిజంగా ఆపుతున్నవి! 71 నుంచి 90 మధ్య ఉన్నవాటిలో అయితే ఐదింట నాలుగు. అంటే మీ నాన్నగారి 80 శాతం అడ్డు బహుశా నిజమైనదే, 70 శాతం దాని మీద మాత్రం అనుమానం పడొచ్చు. ఎఫ్ఎఫ్ఆర్ చేశారా అని అడగండి. చేయకపోతే తప్పేం కాదు, కానీ అడిగినప్పుడు డాక్టరు ఎలా స్పందించారో గుర్తుపెట్టుకోండి, నా అనుభవంలో మంచి డాక్టర్లకి ఆ ప్రశ్న నచ్చుతుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఇంకోటుంది, షుగర్. రెండు ఆసుపత్రుల్లోనూ బైపాస్ మాట ఎవరూ ఎత్తినట్టు లేదు. షుగర్ ఉండి, ఒకటి కన్నా ఎక్కువ పెద్ద నాళాల్లో గట్టి అడ్డులున్న 1,900 మంది మీద ఫ్రీడమ్ అనే అధ్యయనం జరిగింది, 2012లో ఫలితాలొచ్చాయి, అందులో స్టెంట్ల కన్నా బైపాస్ అయినవాళ్లు ఎక్కువ మంది బతికారు, పోట్లు తక్కువ వచ్చాయి, పక్షవాతం మాత్రం బైపాస్ వైపు కాస్త ఎక్కువ. అందులో ఎక్కువమందికి మూడు నాళాల్లోనూ జబ్బుంది, మీ నాన్నగారికి రెండే, కాబట్టి ఇది ఆయనకి యథాతథంగా వర్తిస్తుందని అనను. కానీ ఎప్పటికైనా ఏదో ఒకటి చేయాల్సి వస్తే, ముందు వైపు నాళం మొదట్లోనే అడ్డుంటే మరీను, స్టెంట్ వేసే డాక్టరుతో పాటు కోసే సర్జన్ కూడా ఆ సీడీ చూడాలి. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని చెప్పే పద్ధతిని హార్ట్ టీమ్ అంటారు. పెద్ద ఆసుపత్రికి వెళ్లడంలో నిజమైన లాభం ఏదైనా ఉందంటే అదే, రెండు విద్యలూ ఒకే కప్పు కింద ఉంటాయి. టేబుల్ మీదే తేల్చేస్తే ఆ లాభం కాస్తా పోయినట్టే.

ఇక ఎవరిని నమ్మాలి అన్నారు. నన్నడిగితే వాళ్లిద్దరి మాటలూ ఒకదానికొకటి ఎదురు కాదు. మొదటి డాక్టరు అడ్డుని చూశారు, రెండో డాక్టరు మనిషిని చూశారు. మొదటాయన మోసగాడని నేననను. రోజంతా నాళాలు తెరవడమే పనైన మనిషికి సన్నబడ్డ నాళం కనిపిస్తే చేతులు ఊరుకోవు, చేస్తే రోగి బాగుపడతాడనే నమ్మకం ఉంటుంది, వెనకాల ఆసుపత్రి లెక్కలు కూడా ఉంటాయి, ఏది ఎంత పాళ్లో ఆయనకే తెలియకపోవచ్చు. నేను పనిచేసిన ఒక చోట నెలాఖరు మీటింగుల్లో ఎన్ని కేసులయ్యాయి అన్న అంకె బోర్డు మీద రాసేవారు. ఎన్ని కేసుల్లో అక్కర్లేదని పంపించేశాం అన్న గడి ఆ బోర్డు మీద లేదు. కానీ కోపం తెచ్చుకోవడం మాత్రం ఆయన తప్పే.

అమెరికాలో ఒక అధ్యయనం చేశారు, అది గుర్తొచ్చినప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, ఆలోచనా వస్తుంది. దేశంలోని గుండె డాక్టర్లలో చాలామంది పెద్ద సదస్సులకి వెళ్లిపోయే రోజుల్లో బోధనాసుపత్రుల్లో చేరిన వృద్ధ రోగులు ఏమయ్యారని పదేళ్ల రికార్డులు తిరగేశారు, 2015లో అచ్చయింది. పరిస్థితి విషమంగా ఉన్న గుండె వైఫల్యం రోగుల్లో నెలలోపు మరణాలు మామూలు రోజుల్లో 24.8 శాతం ఉంటే, డాక్టర్లు ఊళ్లో లేని రోజుల్లో 17.5 శాతం. పోటు వచ్చిన విషమ రోగులకి ఆ రోజుల్లో స్టెంట్లు తక్కువ వేశారు, అయినా మరణాలు పెరగలేదు. దీన్ని పట్టుకుని డాక్టర్లు లేకపోతేనే మేలని వాదించేవాళ్లున్నారు, అది తెలివితక్కువ మాట, కారణం ఇదని ఆ అధ్యయనం తేల్చలేదు. ఎక్కువ చేయడమే ఎక్కువ మంచి అన్న మన నమ్మకం మాత్రం కాస్త కదులుతుంది.

పెద్ద ఆసుపత్రుల్లో వైద్యం బాగుంటుందా అంటే, కొన్ని విషయాల్లో కచ్చితంగా బాగుంటుంది. చెయ్యి తిరగడం అనేది ఉంది కదా. ఏడాదికి కనీసం 50 యాంజియోప్లాస్టీలైనా (బెలూన్‌తో, స్టెంట్‌తో నాళం తెరవడం) చేయని డాక్టరు దగ్గర, 200 అయినా జరగని చోట చేయించుకోవడం మీద అమెరికా గుండె వైద్య సంఘాలు చాన్నాళ్లుగా జాగ్రత్త చెబుతున్నాయి. పెద్ద చోట ఆ అంకెలు సులువుగా దాటుతాయి. బైపాస్ టీమ్ పక్కనే ఉంటుంది, ఏదైనా వికటిస్తే ఆదుకుంటారు. బాగోలేనిది ఏమిటంటే, మీరు పేరు చూసి వెళ్లిన పెద్ద డాక్టరు మీకు దొరికేది ఐదు నిమిషాలు, మిగతా ఇరవై మూడు గంటల యాభై ఐదు నిమిషాలు మీ మనిషి ఎవరి చేతుల్లో ఉంటారన్నది మీరు అడగరు.

ఒక రాత్రి చెబుతాను. పెద్ద ఆసుపత్రే, పేరెందుకు. సాయంత్రం తొడ దగ్గర నుంచి వైరు పెట్టి స్టెంట్ వేసిన పెద్దాయన, కేసు బ్రహ్మాండంగా అయింది, సినిమా చూస్తే పాఠంలో పెట్టుకోవచ్చు, అంత శుభ్రంగా ఉంది. రాత్రి రెండింటికి నడుం నొప్పి అన్నాడు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు, ఇన్ని గంటలు కదలకుండా పడుకుంటే నడుం నొప్పి రాదా అని మాత్ర రాసి వెళ్లిపోయాడు. ఆ వార్డులో పదిహేనేళ్లుగా ఉన్న సిస్టర్ ఒకావిడ, మాత్ర ఇవ్వడానికి వచ్చి, ఆయన నుదురు ముట్టుకుంది. చల్లగా చెమట. కనురెప్ప కిందికి లాగి చూసింది, తెల్లగా ఉంది. బీపీ చూస్తే పై అంకె 84. తొడ దగ్గర కట్టు మీద ఒక్క చుక్క రక్తం లేదు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు, రక్తమంతా కడుపు వెనక భాగంలోకి కారుతోంది. ఆవిడ కుర్ర డాక్టర్ని పిలవలేదు, నేరుగా పెద్ద డాక్టరు ఇంటికే ఫోన్ చేసింది. ఆ పెద్దాయన బతికాడు. డిశ్చార్జ్ అయ్యేటప్పుడు ఇంటివాళ్లు పెద్ద డాక్టరుకి బొకే ఇచ్చారు, సిస్టర్‌కి అప్పటికి డ్యూటీ మారిపోయింది.

ఇప్పుడు చాలాచోట్ల మణికట్టు నుంచే చేస్తున్నారు, ఇలాంటి రక్తస్రావాలు దాంతో బాగా తగ్గాయి, మీ నాన్నగారికి ఎక్కడి నుంచి చేస్తారో అడగండి. దానికన్నా ముఖ్యంగా, రాత్రి ఐసీయూలో ఒక సిస్టర్‌కి ఎంతమంది రోగులు, డ్యూటీ డాక్టరుకి గుండె జబ్బుల అనుభవం ఉందా, ఆయన పెద్ద డాక్టర్ని నిద్ర లేపడానికి భయపడతాడా, ఇవి కనుక్కోండి. మూడోది ఎవరూ నోటితో చెప్పరు, కానీ వార్డులో ఒక గంట కూర్చుంటే తెలిసిపోతుంది.

"99 శాతం సక్సెస్" బోర్డుల్ని మాత్రం పట్టించుకోకండి. సక్సెస్ అంటే ఏమిటి, నాళం తెరుచుకోవడమా, మనిషి ఏడాది తర్వాత బతికుండటమా? పైగా ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే స్టెంట్లు వేస్తూ పోతే 99 ఏం ఖర్మ, నూటికి నూరు కూడా వస్తుంది. నిజాయితీగా లెక్క చెప్పాలంటే రోగి ఎంత జబ్బుతో వచ్చాడన్నది కూడా కలిపి లెక్కేయాలి. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 1989లో బైపాస్ సర్జరీలకి ఆ పని మొదలుపెట్టి, ఆసుపత్రుల వారీగా, తర్వాత సర్జన్ల వారీగా కూడా బయటపెట్టింది. జబ్బు తీవ్రత లెక్కలోకి తీసుకున్నాక కూడా 1989లో 4.17 శాతం ఉన్న మరణాలు 1992కి 2.45కి తగ్గాయి. దాని మీదా విమర్శలొచ్చాయి, మార్కులు పోతాయని కష్టమైన రోగుల్ని సర్జన్లు వదిలేస్తున్నారని. అది కూడా కొంత నిజమే అయ్యుండొచ్చు, మనుషులు కదా. అయినా అలాంటి లెక్క బయటపెట్టే చోటికి, బోర్డు మాత్రమే పెట్టే చోటికి తేడా ఉంది.

ఇప్పుడు మీరేం చేయాలో. రెండో ఆసుపత్రి డాక్టరు మందులన్నారు కదా, ఆ మందులు ఏవో కాగితం తీసి చూడండి, అందులో మూడు పనులు జరుగుతున్నాయో లేదో ఆయన్నే అడగండి. రక్తం గడ్డకట్టకుండా చూసేది ఒకటి, కొలెస్ట్రాల్‌ది ఒకటి, నొప్పి రాకుండా గుండె పని తగ్గించేది ఒకటో రెండో. కొలెస్ట్రాల్‌లో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) అంకె ఎంతకి దించాలనుకుంటున్నారో కూడా అడగండి. ఇలాంటి రోగులకి 55 కన్నా తక్కువ ఉండాలని యూరప్ వైద్యులంటారు, చాలామంది 100 దగ్గర ఉన్నా నార్మలే అని రిపోర్టు పక్కన పెట్టేస్తారు, ల్యాబ్ కాగితం మీద నార్మల్ అని ఉంటుంది కాబట్టి. ఆ నార్మల్ జబ్బు లేనివాళ్లది. మందులు వాడి చూడటమంటే వారం వాడి తగ్గలేదనడం కాదు, మోతాదులు సర్దుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. షుగర్ ఉంది కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించండి, మళ్లీ రంగు మందు ఎక్కించాల్సి వస్తే కిడ్నీల సంగతి ముందే తెలిసుండాలి. రేపు స్టెంట్ వేయించుకుంటే, రక్తం గడ్డకట్టకుండా అప్పుడు ఇచ్చే రెండు మందులూ ఎన్నాళ్లన్నది కూడా ముందే అడగాలి. మామూలుగా ఇలాంటి రోగులకి ఆరు నెలలు, పోటు వచ్చినవాళ్లకి ఏడాది అంటారు. పన్ను పీకించుకోవాలనో ఇంకెందుకో మధ్యలో సొంతంగా ఆపేస్తే స్టెంట్‌లోనే గడ్డకట్టే ప్రమాదం ఉంది, అలా ఆపేసి తిరిగొచ్చిన వాళ్లని టేబుల్ మీద చూశాను.

ఒకటి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా, ఇదివరకు రెండో అంతస్తులో వచ్చేది ఇప్పుడు నాలుగడుగులకే వస్తున్నా, చెమటలు పట్టి, నొప్పి దవడకో చేతికో పాకి, ఆగినా తగ్గకపోయినా, ఈ ఉత్తరంలో నేను టైం ఉంది అని రాసిందంతా ఆ క్షణం నుంచి చెల్లదు. అప్పుడు పెద్ద ఆసుపత్రి, పేరున్న డాక్టరు అని రెండు మూడు గంటలు ప్రయాణం పెట్టుకోకండి. అంబులెన్స్ పిలిచి, ఈసీజీ తీసి ఇంజెక్షన్ అయినా ఇవ్వగలిగిన దగ్గరి చోటికి వెళ్లండి. అది ఎక్కడో ఇవాళే వెతికి పెట్టుకోండి, రాత్రి తెరిచి ఉంటుందో లేదో ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి. నాలుక కింద పెట్టుకునే మాత్ర డాక్టరు రాసిచ్చి ఉంటే, అది కూర్చుని పెట్టుకోవాలని, ఐదు నిమిషాల్లో తగ్గకపోతే ఇంక చూస్తూ కూర్చోకూడదని నాన్నగారికి చెప్పండి. మాత్ర ఏ జేబులో ఉంటుందో ఇంట్లో కనీసం ఇద్దరికి తెలియాలి.

మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు ఓ చిన్న పని. రోజూ నాన్నగారు మామూలుగా ఎలా ఎక్కుతారో అలాగే మెట్లెక్కనివ్వండి, పందెంలా కాదు. బరువు ఎన్నో మెట్టు దగ్గర మొదలైంది, ఎంతసేపు నిలబడితే పోయింది, ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాయండి. రాసే పని మీ అన్నయ్యకి అప్పజెప్పండి. నెల తర్వాత ఆ సీడీతో పాటు ఆ నోటుబుక్కు కూడా డాక్టరు ముందు పెట్టండి.